ముందు నీళ్ళు

మా అమ్మాయి వాళ్ళ కుక్కకు ఏడాదికోసారి డాక్టరు దగ్గర చెకప్పు చేయిస్తారు. ఈసారి అమ్మాయికి ఆఫీసు పని తెమలక అది నా నెత్తిన పడింది. కరీంనగర్‌లో గాజు తలుపుల దవాఖాన. లోపల చల్లగా, సబ్బు వాసనతో ఉంది. కుక్కను ఎక్కించి బరువు తూచారు. చెవుల్లోకి లైటు వేసి చూశారు. పెదవి ఎత్తి పళ్ళు చూశారు. తోక ఎత్తి జ్వరం చూస్తుంటే అది నా వైపు తిరిగి, ఇదంతా నువ్వే చేయించావు కదా అన్నట్టు చూసింది. డాక్టరు చిన్నపిల్ల, మా మనవరాలి వయసు ఉంటుంది. ఏం తింటుంది, ఎక్కడ పడుకుంటుంది, పోయినసారి టీకా ఎప్పుడు వేయించారు అని వరసగా అడిగి, సూది వేసి, "అయిపోయింది అమ్మమ్మా, ఇక తీసుకుపోవచ్చు" అంది.

నేను లేవలేదు. "నీళ్ళు పెట్టవా అమ్మా?" అన్నాను.

"దాహమేస్తుందా? బయట ఫిల్టర్ ఉంది."

"నాకు కాదమ్మా, కుక్కకు. ముందు నీళ్ళు పెట్టి చూడాలి కదా."

ఆ పిల్ల నవ్వింది. ముసలామె ఏదో అంటోంది అనుకుని ఉంటుంది. దానిలో తప్పేం లేదు. కానీ ఇంటికి వచ్చేదాకా ఆటోలో నేను కుక్క గొంతు వైపే చూస్తూ కూర్చున్నాను. నలభై ఏళ్ళకు పైగా నేను ఎవరి దగ్గరా ఊసెత్తని ఒక మనిషి గుర్తొచ్చారు. ఆయన పేరు నాకు తెలుసు, రాయను. తన గురించి నలుగురు అనుకోవడమే ఇష్టంలేని మనిషి.

డెబ్బైల మొదటి రోజుల మాట. మా ఆయనకు గోదావరిఖనిలో ఒక గని ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. నేను మంథని నుంచి కొత్తగా కాపురానికి వచ్చాను. మా పుట్టింట్లో కుక్క వాకిట్లోకి వస్తే ఇల్లంతా కడిగించేవాళ్ళు. అలాంటిది, నేను వచ్చిన వారానికే మా క్వార్టరు ముందు ఒక ఎర్ర కుక్క తయారైంది. మా ఆయన డ్యూటీ నుంచి వస్తూ దానికి ఓ రొట్టె ముక్క వేశారు. అంతే, అది మాదైపోయింది. గడప దాటితే ఊరుకోనని చెప్పాను. పాపం, దాటలేదు. గడప మీదే పడుకునేది.

ఊరి పశువుల దవాఖాన ఒక రేకుల షెడ్డు. ముందు వేపచెట్టు, పక్కన బర్రెలను నిలబెట్టి కట్టే ఇనుప చట్రం. వచ్చేవన్నీ బర్రెలు, మేకలు. అయినా అక్కడి డాక్టరుగారికి ఊళ్ళో పేరు "కుక్కల సారు". ఎందుకంటే అంతకుముందు ఎవరూ కని విని ఎరగని పని ఒకటి మొదలుపెట్టారు. గురువారం పొద్దున ఏ రోగమూ లేని కుక్కలను తీసుకురమ్మనేవారు. రోగం వచ్చాక తేవడం కాదు, రాకముందు తేవాలనేది ఆయన మాట. బాగున్న మనుషులే దవాఖాన మెట్లెక్కని ఊరు అది. బాగున్న కుక్కను ఎవరు తీసుకుపోతారు? జనం పడీపడీ నవ్వుకున్నారు. మా ఆయన మాత్రం పక్కాగా, "గురువారం దాన్ని చూపించుకు రా" అని నాకు పురమాయించి డ్యూటీకి పోయారు. ఈ ఇంట్లో కుక్క ఆయనది, చాకిరీ నాది.

నాకు మొదటిరోజే ఆ డాక్టరుగారి మీద చిర్రెత్తుకొచ్చింది. ఆ చెకప్పులో ఏం జరుగుతుందో ఎవరూ ముందు చెప్పలేదు మరి. పోగానే నమస్కారం లేదు, ఏమమ్మా అని పలకరింపు లేదు. నేను కుక్కను తాడుతో పట్టుకుని నిలబడితే, ఆయన స్టూలు మీది నుంచి లేచి, మూలనున్న కుండలోంచి సత్తు గిన్నెలో నీళ్ళు ముంచి, కుక్క ముందు పెట్టి, మళ్ళీ పోయి కూర్చున్నారు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని దాని గొంతు వైపే చూడసాగారు. ఎంతసేపటికీ ఏమీ చేయరు. నేను పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చాను, పక్కింటామెను చూస్తుండమని. "డాక్టరుగారూ" అని పిలిస్తే చేయెత్తి ఆగమన్నారు. చివరికి కుక్క వంగి గుటకలు వేసింది. ఒకటి, ఇంకొకటి. అప్పుడు ఆయన భుజాలు కిందికి దిగాయి. "మంచిది బిడ్డా" అన్నారు. నాతో కాదు, కుక్కతో.

తరువాత నా వైపు వచ్చి, "చేతులు చూపియ్యమ్మా" అన్నారు.

పరాయి మగవాడు చేతులు చూపించమంటే నేనేమనుకోవాలి? కానీ ఆ అడగడంలో వేరే ఏమీ లేదు. పిల్లలు అన్నానికి కూర్చునేముందు పెద్దవాళ్ళు అడుగుతారే, అలా అడిగారు. చూపించాను. ముట్టుకోలేదు. వంగి రెండు అరచేతులూ, వేళ్ళ సందులూ చూసి, చిటికెన వేలి మీద కత్తిపీట గాటు చూసి, "ఇది ఎప్పటిది?" అన్నారు. మొన్నటిది అన్నాను. "మానిందాక కుక్క మూతి కడుగకు" అన్నారు. అంతటితో నా పని అయింది. అప్పుడు మొదలైంది కుక్క పని.

అది మాత్రం చూడాల్సిందే. గుండె వినే గొట్టం చివరి ఇనుప బిళ్ళను ముందు తన అరచేతిలో పెట్టుకుని వెచ్చబడేదాకా ఉంచేవారు. చల్లటిది తగిలితే ఉలిక్కిపడుతుందట. పెదవి ఎత్తి చిగురును బొటనవేలితో నొక్కి వదిలి, తెల్లబడిన చోట మళ్ళీ ఎరుపు ఎంత తొందరగా వస్తుందో చూసేవారు. చెవి తిప్పి వాసన చూసేవారు. మెడ మీది తోలు పట్టి లాగి వదిలేవారు. కడుపు కింద రెండు చేతులూ వేసి, కళ్ళు మూసుకుని తడిమేవారు. కాళ్ళ గోళ్ళ మధ్య తప్పకుండా చూడాలి. ఎండాకాలంలో మా ఊరి రోడ్ల మీద పోసిన బొగ్గు బూడిదలో నిప్పు ఉండేది, కుక్కల పాదాలు కాలేవి. అన్నీ అయ్యాక జ్వరం చూసే గాజు పుల్లకు కొబ్బరినూనె రాసి, కుక్క చెవిలో, "ఇగ కోపం చెయ్యకు బిడ్డా" అని చెప్పి మరీ పని కానిచ్చేవారు. అది కోపం చేసేది. ఆయన దానికి క్షమాపణ చెప్పేవారు.

"చెప్పుకోలేనియి గదమ్మా, మనమే అడుగుతుండాలె" అనేవారు. నాలుగు గురువారాలు పోయాక ఆ మాటకు కొంచెం మెత్తబడ్డాను. పప్పు మాడినా సరే అనుకునేదాన్ని.

ఇక ఊరికి మాత్రం ఆయన చేతులు చూడటం ఒక పెద్ద వింత. కుక్కల సారుకు చెయ్యి చూసి జాతకం చెప్పడం వచ్చు, కానీ బయటికి చెప్పడు, మనసులో పెట్టుకుంటాడు అని పుకారు లేచింది. దాంతో కుక్క లేని ఆడవాళ్ళు కూడా పక్కింటి కుక్కను అడుక్కుని గురువారం రావడం మొదలుపెట్టారు. మా పక్క క్వార్టరు రాజక్క ఒకసారి నాతో పాటు వచ్చింది. ఆమె భర్త లింగన్న గనిలో బొగ్గు నింపే పనివాడు. వాళ్ళకూ ఒక నల్ల కుక్క ఉంది, కానీ దాన్ని ఏనాడూ చెకప్పుకు తేలేదు. "గొడ్డుకు రోగమొస్తే మందు, రోగం లేకుంటే ఎందుకు?" అనేవాడు లింగన్న. రాజక్క మాత్రం చీర సర్దుకుని, మా కుక్క తాడు తనే పట్టుకుని వచ్చి, ఆయన అడగకముందే రెండు చేతులూ చాపింది.

"నా ఆయుష్షు ఎంతున్నదో చెప్పు సారూ" అంది.

నేను నవ్వాను. అక్కడున్న వాళ్ళంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ చేతులను చాలాసేపు చూశారు. ఇంట్లో పొయ్యికి వాడే బొగ్గు పెళ్ళలను సుత్తెతో పగలగొట్టే చేతులవి. చిన్న చిన్న గాట్లు, ఒకటి మానితే ఒకటి. బొగ్గు పొడి లోపలే ఉండిపోయి మానిన గాటు నీలంగా కనిపిస్తుంది. మా ఊళ్ళో గని మనుషుల్లో చేతుల మీద, నుదుళ్ళ మీద ఆ నీలి గీతలు లేనివాళ్ళు ఉండరు.

"ఈ ఊర్ల తెగని చెయ్యి లేదమ్మా" అన్నారు ఆయన నాతో. ఆ మాటలో అంత భయం ఎందుకుందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆయన ఒక్కరే ఉండేవారు. దవాఖాన వెనక గదిలో వంట, పడక. తెల్లచొక్కా వేసుకుని బయలుదేరితే మధ్యాహ్నానికి అది బూడిద రంగులోకి తిరిగేది, సాయంత్రం తనే ఉతుక్కునేవారు. రోడ్డు మీద నడుస్తుంటే వెనక నాలుగైదు కుక్కలు పోతుండేవి. ఎవరింటికి పోయినా గడప బయటే ఆగేవారు. మర్యాదకు నీళ్ళిస్తే గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చుని, పోయేముందు అలాగే కింద పెట్టేవారు. పెళ్ళాం లేదా, పిల్లలు లేరా అని అడిగిన వాళ్ళకు, "లేరు" అని ఒక్క మాట. కోపంగా కాదు, ఇక అడగవద్దన్నట్టు.

జీతాలు పడిన ఆదివారం మా ఊళ్ళో మా ఇల్లు తప్ప అన్ని ఇళ్ళలోనూ మాంసం వండేవాళ్ళు. తెల్లవారి సోమవారం ఊరి కుక్కల్లో కొన్నిటికి గొంతులో ఎముక ఇరుక్కునేది. ఇది అందరికీ తెలిసిన సంగతే. నోరు తెరిచి, చొంగ కారుస్తూ కుక్క కనబడితే, ఆదివారపు ఎముక అని తేల్చేసి, ఎవరో ఒకరు పట్టుకుంటే ఇంకొకరు నోట్లో చెయ్యి పెట్టి లాగేవాళ్ళు. చాలాసార్లు ఎముక దొరికేది కూడా. అందుకే ఆ సోమవారం రాజక్క వాళ్ళ నల్ల కుక్క కింది దవడ వేలాడేసుకుని, చొంగ కారుస్తూ కూర్చుంటే ఎవరూ వేరే ఆలోచన చేయలేదు.

పొద్దున్నే రాజక్క మా వాకిట్లోకి వచ్చి పిలిచింది. "పంతులమ్మా, కుక్కల సారు నీకు ఎరుకేనాయె. జర మాతోని వస్తవా? మా కుక్కకు బొక్క ఇరికింది. ఈయన చెయ్యి వెట్టి చూసిండు గని దొరుకుత లేదు." మంథని పంతుళ్ళ ఇంటి ఆడపిల్లనని ఆమె నన్ను అలా పిలిచేది. పోయాను.

లింగన్న కుక్కను తాడుతో పట్టుకొచ్చి షెడ్డు ముందు నిలబెట్టాడు. "బొక్క సారూ. లోపటికి పోయినట్టున్నది. మీ పట్టుకారుతోని జర గుంజుండ్రి."

"చెయ్యి పెట్టినవా?" అన్నారు ఆయన.

"పెట్టిన. అందలే."

ఆయన పట్టుకారు తీయలేదు. కుండ దగ్గరికి పోయి సత్తు గిన్నెలో నీళ్ళు తెచ్చారు. ఈసారి కుక్క దగ్గరికి పోకుండా, గిన్నెను కర్రతో ముందుకు జరిపారు. వెనక్కి వచ్చి కూర్చోకుండా నిలబడ్డారు. కుక్క తోక ఊపింది. గిన్నె దగ్గరికి వచ్చింది. నాలుక ముంచింది. నీళ్ళు దాని నోట్లోంచి అలాగే గిన్నెలోకి పడిపోయాయి. మళ్ళీ ముంచింది. మళ్ళీ పడిపోయాయి. దాని గొంతు ఒక్కసారి కూడా కదల్లేదు. అది తల ఎత్తి మా అందరి వైపూ చూసింది, సాయం చేయమన్నట్టు. ఇప్పటికీ ఆ చూపు నాకు కళ్ళ ముందు ఉంది.

"ఇది బొక్క కాదు" అన్నారు ఆయన. ఆయన ముఖంలో నెత్తురు లేదు. "పిచ్చి రోగం."

లింగన్న నమ్మలేదు. "గదేంది సారూ? పిచ్చి కుక్క నీళ్ళకు భయపడ్తది అంటరు. ఇది నీళ్ళ కాడికి ఉరికొచ్చె గదా."

"కుక్క భయపడది. మింగలేకపోతది, గంతే. నీళ్ళకు భయపడేది మనిషి" అన్నారు ఆయన. లింగన్న చేతులు చూశారు. నీలి గీతల మధ్య రెండు పచ్చి గాట్లు ఉన్నాయి. సబ్బు ఇచ్చి చాలాసేపు కడిగించారు. "ఇప్పుడే కంపెనీ దవాఖానకు పో. బొడ్డు చుట్టు సూదులు ఏస్తరు. ఒక్కటి తప్పినా నడువది. డ్యూటీ సంగతి నేను మాట్లాడుత." లింగన్న అంతటి మొనగాడు, గనిలో పైకప్పు కూలిన రోజు నవ్వుతూ పైకొచ్చినవాడు, పిల్లాడిలా తలూపాడు.

అప్పుడు ఆయన అడిగారు. "నువ్వు చెయ్యి పెడితె, మెడ ఎవలు పట్టిండ్రు?"

లింగన్న భార్య వైపు చూశాడు. రాజక్క వెంటనే అంది. "నేనే పట్టిన. కొంగుతోని పట్టిన సారూ. నాకేం తాకలే."

"చేతులు చూపియ్యమ్మా."

మొన్న అడగకముందే చాపిన చేతులవి. ఇప్పుడు కుడిచెయ్యి కొంగులోకి పోయింది. "ఏం లేదంటున్న గదా" అని ఆమె వెనక్కి తిరిగి నడిచింది. ఆయన రెండడుగులు వేసి ఆగిపోయారు. పరాయి ఆడమనిషి చెయ్యి పట్టి లాగలేరు కదా.

ఆమె దాచిన సంగతి నాకు ఆ సాయంత్రమే తెలిసింది. రాజక్క మా పెరటి గోడ దగ్గరికి వస్తే నిలదీసి అడిగాను. అరచెయ్యి విప్పింది. బొగ్గు పెళ్ళ చీరిన గాటు, ఆదివారం పొద్దుటిది, ఎర్రగా విప్పుకుని ఉంది. దాని మీద కుక్క చొంగ పడిందట. "మరి సూదులకు పోవా?" అంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మగ కంపౌండరు ముందట కడుపు తెరుచుకోని పండుకోవాల్నట. రోజూ. క్వార్టర్ల లైనంత అనుకుంటరు. ఈయన తోటోళ్ళంత గక్కడ్నే ఉంటరు. సచ్చినా పోను పంతులమ్మా. కడిగిన గదా, ఏం కాదు." నాకు ఒళ్ళు మండింది, ఆమె మీద కాదు. ఆ సిగ్గు నాదీ కాదని చెప్పలేకపోయాను. ఆమె స్థానంలో నేనున్నా అలాగే దాచేదాన్నేమో.

తెల్లవారి ఆయనే వచ్చారు. మా అరుగు మీద కూర్చోమంటే కూర్చున్నారు. నేను రాజక్కను పిలిస్తే గేటు దగ్గరికి వచ్చి, పిడికిలి కొంగులో దోపుకుని, తల తిప్పుకుని నిలబడింది. ఆయన ఆమె వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. మా ఎర్ర కుక్క ఆయన కాళ్ళ దగ్గర పడుకుంటే, దాని తల మీద చెయ్యి వేసి, దానితోనే చెప్పడం మొదలుపెట్టారు.

"మాకు ఒక కుక్క ఉండె బిడ్డా. జగిత్యాల దిక్కు ఉన్నప్పుడు. నాకు కొత్త నౌకరి, కొత్త సంసారం. ఒకనాడు అది నోరు తెరిచి కూసున్నది. బొక్క అనుకున్న. డాక్టర్ను నేనే, బొక్క అనుకున్న. నా పెండ్లాం మెడ పట్టుకున్నది, నేను చెయ్యి పెట్టిన. తెల్లారి అది సచ్చినంక నాకు సమజయింది. నేను సూదులకు పోయిన. పోయేటప్పుడు ఆమెను అడిగిన, నీకేమన్న తాకిందా అని. ఏం తాకలే అన్నది."

కుక్క తోక నేలకు కొట్టింది.

"ఆమె చేతులు నేను చూడలే. అడిగిన, చెప్పింది, నమ్మిన. నమ్ముడు సులువుగుండె. వంకాయలు కోస్తుంటె వేలు తెగిందట ఆనాడు పొద్దుగాల. సూదులు ఏసెటోడు మగోడని సిగ్గుపడి చెప్పలే. రెండు నెలలకు జరమొచ్చింది. జరమే అనుకున్నం. నేను గ్లాసుల నీళ్ళు పోసి ఇచ్చిన. గ్లాసు చూసి నన్ను దొబ్బేసింది. దూప అయితున్నదని ఏడుస్తది, నీళ్ళు తేంగనే గొంతు పట్టుకోని ఒర్రుతది. నీళ్ళ చప్పుడుకు గుడ. నేను గ్లాసు దాసిపెట్టి, బట్ట తడిపి పెదువులకు అద్దబోయిన. గది గుడ కాలే. దూపతోనే పోయింది."

నేను ఏడుస్తున్నాను. ఆయన మాత్రం ఏడవలేదు. ఎప్పుడో అన్నీ ఏడ్చేసిన మనిషి.

"ఆమె సిగ్గు తప్పు కాదు బిడ్డా" అన్నారు కుక్కతో, "నేను చేతులు చూడకపోవుడు తప్పు."

రాజక్క గేటు తీసుకుని లోపలికి వచ్చింది. ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కొంగులోంచి చెయ్యి తీసి, పిడికిలి విప్పి, అరచెయ్యి ఆయన ముందు పెట్టింది. ఆయన ముట్టుకోకుండా వంగి చూశారు. "నడువమ్మా" అన్నారు.

ముగ్గురమూ కంపెనీ దవాఖానకు నడిచి పోయాం. సూదులు వేసేది మగ కంపౌండరే, పెద్దమనిషి. నేను మా ఇంటి నుంచి తెచ్చిన పాత చీర రెండు చేతులతో చాపి తెరలా పట్టుకున్నాను. అతను తెర సందు నుంచి చెయ్యి మాత్రం పెట్టి సూది వేశాడు. లోపల రాజక్క పళ్ళు బిగబట్టి నా మోచెయ్యి పట్టుకుంది. బయట గేటు దగ్గర కుక్కల సారు మా వైపు వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డారు. ఆ సూదులు అయ్యేదాకా రోజూ అంతే. నేను తెర, ఆయన గేటు. లైనంతా అనుకున్నది నిజమే. రెండు రోజులు అనుకుని, మూడో రోజు మా వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు, తెర రెండో కొస పట్టుకుంటామని.

నల్ల కుక్కను ఆయన వేపచెట్టుకు గొలుసుతో కట్టి, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా, దూరంగా స్టూలు వేసుకుని కూర్చున్నారు. అది పోయేదాకా గిన్నెలో నీళ్ళు మారుస్తూనే ఉన్నారు, కర్రతో జరిపి. "తాగలేదు కదా, నీళ్ళెందుకు డాక్టరుగారూ?" అని అడిగాను ఒకసారి. "అడుగుతున్నది గదమ్మా" అన్నారు.

సూదులు అయిపోయాయి. లింగన్న మళ్ళీ షిఫ్టుకు పోయాడు. రాజక్క అరచేతిలో గాటు మానింది, నీలి గీత మిగిలింది. ఊరికి భయం తీరింది. ఆయనకు తీరలేదు. అంతకుముందు ఎవరి గేటూ తనంతట తను తట్టని మనిషి, దారిన పోతూ రాజక్క గేటు దగ్గర ఆగేవారు. ఆమె మర్యాదకు గ్లాసులో నీళ్ళు తెచ్చి ఇవ్వబోతే, "ముందు నువ్వు తాగమ్మా" అనేవారు. మొదటిసారి ఆమెకు అర్థం కాక నా వైపు చూసింది. తరువాత అర్థమైంది. అక్కడే నిలబడి తాగేది. ఆయన ఆమె గొంతు వైపు చూసేవారు. గుటక పడగానే ఆయన భుజాలు కిందికి దిగేవి. "మంచిది బిడ్డా" అని పోయేవారు. రెండు నెలలు దాటినా, ఏడాది దాటినా, ఆ ఆగడం మానలేదు. రాజక్క విసుక్కోలేదు. షిఫ్టు కూత కంటే ముందే గ్లాసు కడిగి పెట్టుకునేది, సారు వచ్చే వేళైందని.

అప్పుడప్పుడు నేను నా కిటికీలోంచి చూసేదాన్ని. ఒక మగమనిషి గేటు బయట, ఒక ఆడమనిషి గేటు లోపల, మధ్యలో ఒక గ్లాసు నీళ్ళు. ఆయన చూస్తున్నది రాజక్కను కాదని నాకు తెలుసు. ఎప్పుడో, ఎక్కడో, దూపతో పోయిన ఒక ఆడపిల్లను చూస్తున్నారు. అది తలుచుకుంటే నాకు అన్నం సహించేది కాదు. ఎంతమంది నీళ్ళు తాగితే ఆమె దాహం తీరుతుంది?

తరువాత ఆయనకు బదిలీ అయింది. ఆదిలాబాదు వైపు ఎక్కడో. ఎవరికీ చెప్పలేదు. గురువారం కుక్కను తీసుకుపోతే షెడ్డులో పెట్టె సర్దుకుంటున్నారు. నేను పరుగున వచ్చి రాజక్కకు చెప్పాను. ఇద్దరమూ బస్‌స్టాండుకు పోయేసరికి ఆయన కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు, ఒళ్ళో పెట్టె, దాని మీద సత్తు గిన్నె. బస్సు చుట్టూ ఆయన వెనక వచ్చిన కుక్కలు.

రాజక్క చేతిలో చెంబు ఉంది. ఇంటి నుంచి నీళ్ళు తెచ్చింది, తొందరలో సగం ఒలకబోసుకుంటూ. కిటికీ కింద నిలబడింది. ఆయన అడగకముందే ఆమె చెంబు ఎత్తి తాగడం మొదలుపెట్టింది. గటగటా, ఆపకుండా, మెడ వెనక్కి వంచి, గొంతు ఆయనకు బాగా కనబడేలా. నీళ్ళు గదవ మీది నుంచి రవికె మీదికి కారుతున్నా ఆగలేదు. ఎండలో నిలబడి చెంబెడూ తాగింది. ఆయన కిటికీ ఊచ పట్టుకుని చూస్తూ ఉన్నారు.

చెంబు దించి మూతి తుడుచుకున్నాక గానీ ఆమెకు తోచలేదు. "అయ్యో సారూ," అంది, చెంబు తిరగేసి చూసుకుంటూ, "అంత దూరం పోతున్నరు, మీకు సుక్క గుడ ఉంచకపోతినే."

ఆయన కళ్ళు నిండాయి. నేను ఆ మనిషి నవ్వడం చూసింది అదొక్కసారే.

"చాలమ్మా" అన్నారు. "నాకు చాలు."